జర్మన్ కారు స్కానర్‌లో కనబడే మాటలు: ఏది మార్చుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు

వి.కోట, కుప్పం, పుంగనూరు, మదనపల్లె వైపు సెకండ్ హ్యాండ్ కారు కొనాలంటే చాలామంది చూపు ముందు బెంగళూరు మీదికే పోతుంది. దూరం తక్కువ, బండ్లు ఎక్కువ. అక్కడ పోలో, వెంటో, ర్యాపిడ్, ఆక్టావియా, పాత బీఎండబ్ల్యూ లాంటివి కొత్త చిన్న కారు రేటుకో, ఇంకా తక్కువకో దొరుకుతాయి. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి కష్టపడి దాచిన డబ్బుతో కొనేవాళ్ళూ ఉన్నారు. బండి ఇంటికి వచ్చాక ఎవరో ఒకరు చెబుతారు: "దీంట్లో కంపెనీ దాచిపెట్టిన ఆప్షన్లు చాలా ఉన్నాయి భాయ్, కేబుల్ పెడితే తెరుచుకుంటాయి."

ఆ మాట చాలావరకు నిజమే. అయితే కేబుల్ పెట్టగానే తెర మీద సగం మాటలు జర్మన్‌లో కనబడతాయి. అర్థం తెలియకుండా మారిస్తే లైట్లు ఆరిపోవచ్చు, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగవచ్చు. అర్థం తెలిస్తే మాత్రం ఆప్షన్ల కంటే పెద్ద లాభం ఒకటుంది. బండి తన పాత కథ తానే చెబుతుంది, కొనే ముందే దాన్ని చదవచ్చు. ఈ వ్యాసం అందుకోసమే. దాచుకుని, అవసరమైనప్పుడు తీసి చూసుకోండి.

ఈ మాటలు జర్మన్‌లో ఎందుకున్నాయి?

ఫోక్స్‌వ్యాగన్ కారు పుణె దగ్గర చాకన్‌లో తయారైనా (ఆ ఫ్యాక్టరీ 2009లో మొదలైంది), దాని లోపలి సాఫ్ట్‌వేర్ డిజైన్ జర్మనీదే. ఈ ఫ్యాక్టరీ మొదట మన విశాఖపట్నానికి వస్తుందని 2005లో పెద్ద చర్చ నడిచింది, చివరికి మహారాష్ట్రకు పోయింది. స్కోడా చెక్ దేశం కంపెనీ. కానీ అది కూడా ఫోక్స్‌వ్యాగన్ గ్రూపే కాబట్టి దాంట్లోనూ, ఆడీలోనూ ఇవే మాటలు. బీఎండబ్ల్యూ కార్లు 2007 నుంచి చెన్నై దగ్గర బిగిస్తున్నారు. వాటి పాత మోడళ్ళ కోడింగ్ ఫైళ్ళలో కూడా సెట్టింగ్ పేర్లు చాలావరకు పెద్ద అక్షరాల్లో జర్మన్‌లోనే ఉంటాయి. పక్కన "ఆక్టీఫ్" (పనిచేస్తోంది), "నిహ్ట్ ఆక్టీఫ్" (పనిచేయడం లేదు) అని రాసి ఉంటుంది.

నిజానికి మన ఆటో ఎలక్ట్రీషియన్లకు జర్మన్ లెక్క కొత్తది కాదు. రిలే మీద 30, 85, 86, 87 అని నంబర్లు ఉంటాయి కదా, అవి జర్మన్ ప్రమాణం డిఐఎన్ 72552 ఇచ్చినవే. స్కానర్‌లో "క్లెమ్మె 15" అని కనబడితే ఈ నంబర్లే గుర్తు తెచ్చుకోండి. క్లెమ్మె అంటే టెర్మినల్.

- 15: తాళం తిప్పాక వచ్చే కరెంటు
- 30: బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది
- 31: ఎర్త్
- 50: స్టార్టర్
- 56ఎ: హై బీమ్, 56బి: లో బీమ్
- 58: పార్కింగ్, టెయిల్ లైట్లు

ఏ పరికరంతో చూడాలి?

స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డ్ అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దాన్ని ఓబీడీ పోర్ట్ అంటారు. మన దేశంలో ఓబీడీ మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది.

ఆన్‌లైన్‌లో దొరికే చవక ఈఎల్ఎం 327 బ్లూటూత్ ముక్కతో ఎక్కువగా ఇంజిన్ వివరాలే చదవగలం. గ్రూప్ కార్ల లోపలికి పోవాలంటే అమెరికా కంపెనీ రాస్-టెక్ వారి వీసీడీఎస్, లిథువేనియా నుంచి వచ్చే ఓబీడీ ఎలెవెన్ లాంటివి కావాలి. షోరూముల్లో వాడేది ఓడిస్. బీఎండబ్ల్యూకి బిమ్మర్‌కోడ్ లాంటి యాప్‌లు ఉన్నాయి. నకిలీ కేబుల్‌తో కోడింగ్ చేస్తే పని మధ్యలో తెగిపోయే భయం ఉంటుంది. చదవడానికే అయినా అసలుదే మేలు.

2020 దగ్గర నుంచి వస్తున్న కొత్త తరం ఫోక్స్‌వ్యాగన్ మోడళ్ళలో కొన్నిటికి "ఎస్ఎఫ్‌డీ" అనే తాళం కూడా ఉంది. అంటే వాహన డయాగ్నోసిస్ రక్షణ. ఇంటర్నెట్ ద్వారా కంపెనీ అనుమతి వస్తేనే మార్పు జరుగుతుంది.

జర్మన్ మాటను ఎలా విడదీయాలి?

మాట పొడుగు చూసి భయపడొద్దు. తెలుగులో సమాసం ఎలాగో ఇదీ అలాగే. అసలు వస్తువు చివర ఉంటుంది, ముందున్నవి దాని విశేషణాలు. "టాగ్‌ఫార్‌లిహ్ట్" తీసుకోండి. టాగ్ అంటే పగలు, ఫార్ అంటే ప్రయాణం, లిహ్ట్ అంటే దీపం. మొత్తం కలిపితే పగటి ప్రయాణపు దీపం, అంటే డీఆర్ఎల్. కాబట్టి చివరి నుంచి మొదటికి చదవండి.

పలకడానికి నాలుగు సూత్రాలు చాలు. ఇంగ్లీష్ అక్షరం డబ్ల్యూ ఉంటే "వ", వి ఉంటే ఎక్కువగా "ఫ", జెడ్ ఉంటే "త్స", ఎస్-సీ-హెచ్ కలిస్తే "ష". అందుకే ఆ కంపెనీ పేరు వి తో మొదలైనా మనం ఫోక్స్‌వ్యాగన్ అంటాం. ఫోక్ అంటే ప్రజలు, వాగెన్ అంటే బండి.

మెనూలో కనబడే మాటలు

- ష్టోయర్‌గెరేట్: కంట్రోల్ యూనిట్. ఇంజిన్‌కు, బ్రేకుకు, ఎయిర్‌బ్యాగ్‌కు వేర్వేరుగా ఉంటాయి.
- ఫేలర్‌ష్పైహర్: తప్పుల జాబితా దాచే మెమరీ.
- మెస్‌వేర్టె: బండి నడుస్తుండగా వచ్చే కొలతలు.
- కోడీరుంగ్: బండిలో ఏమున్నదీ కంట్రోల్ యూనిట్‌కు చెప్పే సెట్టింగ్.
- అన్‌పాసుంగ్: ఉన్నదాన్ని ఎంత, ఎన్నిసార్లు, ఎప్పుడు అని సర్దడం.
- గ్రుంట్‌ఐన్‌ష్టెలుంగ్: విడిభాగం మార్చాక చేసే మూల సెట్టింగ్.
- ష్టెల్‌గ్లీడ్ డియాగ్నోజె: ఫ్యాను, దీపం, మోటారు ఒక్కోదాన్ని తిప్పి చూసే పరీక్ష.
- ఫ్రైగాబె: అనుమతి.
- ఫెర్‌బౌట్, నిహ్ట్ ఫెర్‌బౌట్: బిగించి ఉంది, బిగించలేదు. ఈ జంట చాలా ముఖ్యం. లేని వస్తువు ఉన్నట్టు రాస్తే కంట్రోల్ యూనిట్ దాన్ని వెతికి, దొరక్క తప్పు చూపిస్తుంది.

ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్‌లో కంట్రోల్ యూనిట్ల నంబర్లు గుర్తుంచుకుంటే పని సులువు: 01 ఇంజిన్, 03 ఏబీఎస్ బ్రేకులు, 08 ఏసీ, 09 లైట్లు వైపర్లు లాంటి బాడీ కరెంటు, 15 ఎయిర్‌బ్యాగ్, 17 మీటర్ బోర్డు, 19 అన్నిటినీ కలిపే గేట్‌వే, 5ఎఫ్ మ్యూజిక్ సిస్టమ్.

లైట్ల పొట్టి పేర్లు

09వ యూనిట్‌లో పేర్లు చాలా పొట్టిగా ఉంటాయి. వీటిని ఇంగ్లీష్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు కూడా ఈ భాగాన్ని తరచుగా అలాగే వదిలేస్తాయి.

- టీఎఫ్ఎల్: పగటి దీపం
- ఏబీఎల్: లో బీమ్
- ఎఫ్ఎల్: హై బీమ్ (ఫెర్న్ అంటే దూరం)
- ఎన్ఎల్: ముందు ఫాగ్ లైట్ (నేబెల్ అంటే పొగమంచు)
- ఎన్ఎస్ఎల్: వెనక ఫాగ్ లైట్
- ఎస్ఎల్: పార్కింగ్ లైట్
- బీఎల్‌కే: ఇండికేటర్
- ఆర్ఎఫ్ఎల్: రివర్స్ లైట్
- కేజెడ్ఎల్: నంబర్ ప్లేట్ లైట్

వీటి పక్కన వీఎల్ ఉంటే ముందు ఎడమ, వీఆర్ ఉంటే ముందు కుడి, హెచ్ఎల్ వెనక ఎడమ, హెచ్ఆర్ వెనక కుడి. "లిహ్ట్‌ఫుంక్‌త్సియోన్" అంటే ఆ దీపం ఎప్పుడు వెలగాలి అన్నది, "డిమ్‌వేర్ట్" అంటే ఎంత వెలుతురు అన్నది. "కాల్ట్‌డియాగ్నోజె" అంటే బల్బు ఆరి ఉన్నప్పుడు చేసే తనిఖీ. ఎల్ఈడీ బల్బు వేశాక అది సన్నగా మినుకుమినుకుమంటే కారణం తరచుగా ఇదే.

మోసం చేసే మాటలు

ఇంగ్లీష్ లాగా కనబడి వేరే అర్థం ఇచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

- నోట్: ఇంగ్లీష్ "నాట్" లాగే రాస్తారు, కానీ "కాదు" అని కాదు. అత్యవసరం అని అర్థం. నోట్‌లౌఫ్ అంటే బండి తనను తాను కాపాడుకోవడానికి పికప్ తగ్గించుకుని నడిచే స్థితి. "కాదు" అనడానికి నిహ్ట్ అంటారు.
- హెల్: నరకం కాదు, వెలుతురు.
- గాంగ్: గుంపు కాదు, గేరు.
- కింట్: దయ కాదు, పిల్లవాడు. కిండర్‌జిహెరుంగ్ అంటే చైల్డ్ లాక్.
- మాసె: బరువు కాదు, ఎర్త్.
- ఐన్: ఆన్. ఔస్: ఆఫ్.
- లింక్స్‌ఫెర్‌కేర్: రోడ్డుకు ఎడమ పక్క నడిచే దేశం, అంటే మనది. రెహ్ట్స్‌లెంకర్: స్టీరింగ్ కుడి పక్కన ఉన్న బండి, అదీ మనదే. ఒకదాంట్లో ఎడమ, ఒకదాంట్లో కుడి చూసి "తప్పుగా ఉందే" అని సరిచేయబోతే హెడ్‌లైట్ వెలుగు ఎదుటి డ్రైవర్ కళ్ళలో పడే ప్రమాదం ఉంది.
- ఫారర్: డ్రైవర్. బైఫారర్: డ్రైవర్ పక్కన కూర్చున్నవాళ్ళు. జర్మనీలో డ్రైవర్ ఎడమ, మన దగ్గర కుడి. జర్మనీ వాళ్ళు రాసిన చిట్కాలో "ఎడమ అద్దం" అని ఉంటే మన బండిలో అది డ్రైవర్ వైపు అద్దం కాదు.

ఇబ్బంది లేకుండా మార్చుకోదగినవి

బండిలో ఆ సామాను ఉంటేనే ఇవి పనిచేస్తాయి. మోడల్‌ను బట్టి కొన్ని ఉండకపోవచ్చు.

- కోమ్‌ఫోర్ట్‌బ్లింకెన్: ఇండికేటర్ కాడను ఒకసారి తడితే ఎన్నిసార్లు వెలగాలి. మామూలుగా 3. హైవే మీద లేన్ మారడానికి 4 లేదా 5 పెట్టుకోవచ్చు.
- ట్రేనెన్‌విషెన్: ట్రేనెన్ అంటే కన్నీళ్ళు, విషెన్ అంటే తుడవడం. అద్దం కడిగాక కొన్ని క్షణాలకు జారే చివరి చుక్కల కోసం వైపర్ ఇంకోసారి తిరగడం.
- ష్పీగెల్‌అబ్‌జెంకుంగ్: రివర్స్ వేయగానే పక్క అద్దం కిందికి వంగడం. సందుల్లో పార్క్ చేసేవాళ్ళకు బాగా ఉపయోగం.
- కమింగ్ హోమ్, లీవింగ్ హోమ్: ఇవి జర్మన్ కార్లలో ఇంగ్లీష్‌లోనే ఉంటాయి. దిగాక, ఎక్కే ముందు కాసేపు లైట్లు వెలగడం. పల్లెలో చీకటి వాకిలికి మంచిది.
- ఆకుస్టిషె ర్యుక్‌మెల్డుంగ్: తాళం వేస్తే చిన్న బీప్ రావడం.
- సూది సలాం: తాళం తిప్పగానే మీటర్ సూదులు చివరిదాకా పోయి రావడం. ఉపయోగం ఏమీ లేదు, చూడ్డానికి బాగుంటుంది.
- అబ్‌బీగెలిహ్ట్: మలుపులో ఆ వైపు ఫాగ్ లైట్ వెలగడం. ఘాట్ రోడ్ల మీద పనికొస్తుంది.
- రేగెన్‌ష్లీసెన్, కోమ్‌ఫోర్ట్‌ష్లీసెన్: వాన పడితే, లేదా రిమోట్ నొక్కితే, అద్దాలు మూసుకోవడం. ఇంట్లో చిన్న పిల్లలుంటే జాగ్రత్త. వేలు అడ్డుపడితే అద్దం వెనక్కి వస్తోందో లేదో మెత్తని చెక్కతో పరీక్షించాకే వాడండి.

ముట్టుకోకూడనివి

15వ నంబర్ యూనిట్, అంటే ఎయిర్‌బ్యాగ్, ఎవరు చెప్పినా తెరవొద్దు. చిన్న బిడ్డ సీటు ముందు పెట్టాలని బైఫారర్ ఎయిర్‌బ్యాగ్‌ను కోడింగ్‌తో ఆపమని అడిగేవాళ్ళున్నారు. దానికి సరైన దారి బిడ్డ సీటును వెనక పెట్టడమే.

03వ యూనిట్, అంటే బ్రేకులు, అలాగే వేగ్‌ఫార్‌ష్పెరె, అంటే దొంగతనం జరగకుండా ఇంజిన్‌ను ఆపే తాళం, ఇవి కూడా మన పని కాదు.

గుర్ట్‌వార్నుంగ్ అంటే సీటు బెల్టు హెచ్చరిక. "ఆ చప్పుడు తీసేయండి" అని ఎక్కువమంది అడిగేది దీన్నే. 2019 జులై 1 నుంచి తయారైన కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, రివర్స్ సెన్సార్లు, వేగం హెచ్చరిక తప్పనిసరి. వేగం 80 దాటితే మధ్యమధ్యలో, 120 దాటితే ఆగకుండా బీప్ రావాలి. బెల్టు లేకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194బి కింద 1,000 రూపాయల జరిమానా. జరిమానా చిన్నదే. కానీ బెల్టు లేకుండా ముందుకు పడుతున్న మనిషికి ఎయిర్‌బ్యాగే ఎదురొచ్చి కొట్టే దెబ్బ కావచ్చు.

అదే చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పులకు యజమాని మీద సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. ఇండికేటర్ మూడు బదులు ఐదుసార్లు వెలగడం ఇలాంటి మార్పు కాదు. ఇంజిన్ శక్తి పెంచడం, పొగ నియంత్రణ ఆపేయడం మాత్రం వేరే సంగతి. పైగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా వీటిని పట్టుకుని ప్రశ్నిస్తారు.

డ్రైవ్ చేస్తుండగా స్క్రీన్‌లో వీడియో ఆడించే కోడింగ్ ఇంకొకటి. కుటుంబంతో పోయే బండిలో దాని అవసరం లేదు.

పేరు చూసి నమ్మకూడదన్నదానికి ఒక ఉదాహరణ

2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసం గుర్తుండే ఉంటుంది. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ అది. ప్రపంచంలో దాదాపు 1.1 కోట్ల కార్లలో ఉంది. మన దేశంలో సుమారు 3.2 లక్షల కార్లను వెనక్కి పిలిచి సరిచేస్తామని కంపెనీ ప్రకటించింది. ఆ మోసం మొదట ఆడీలో పెట్టుకున్న పేరు "ఆకుస్టిక్‌ఫుంక్‌త్సియోన్", అంటే శబ్దానికి సంబంధించిన పని. పేరుకు తెలుగు అర్థం తెలిసినా అది చేసే పని తెలియదు. కాబట్టి ఏ సెట్టింగైనా డిక్షనరీ అర్థం ఒక్కటే చూసి మార్చొద్దు.

మార్చే ముందు పాటించవలసినవి

1. మొత్తం బండిని ఒకసారి స్కాన్ చేసి ఆ రిపోర్టును ఫోన్‌లో, ఇంకో చోట కూడా దాచుకోండి.
2. బ్యాటరీకి చార్జర్ తగిలించండి. ఇంజిన్ ఆఫ్, తాళం ఆన్. మధ్యలో కరెంటు పడిపోతే కంట్రోల్ యూనిట్ చెడిపోవచ్చు.
3. పాత విలువను నోట్‌బుక్‌లో రాసుకుని, తెర ఫోటో తీసుకోండి.
4. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. పనిచేస్తోందో లేదో చూసి రెండోదానికి పోండి.
5. వేరేవాళ్ళ బండి కోడ్ మొత్తాన్ని మీ బండికి కాపీ చేయొద్దు. ఆ పొడుగాటి కోడ్‌లో ప్రతి బైట్‌లో ఎనిమిది స్విచ్‌లు ఉంటాయి. ఒక్క నంబర్ మారితే ఎనిమిదింటి తీరూ మారవచ్చు.
6. చివర్లో మళ్ళీ స్కాన్ చేయండి. కొత్త తప్పు వస్తే పాత విలువ పెట్టేయండి.

కొనే ముందు: బండి చెప్పే నిజం

ఈ జర్మన్ మాటలన్నిటిలో మన కుటుంబాలకు డబ్బు మిగిల్చేవి ఇవే. అడ్వాన్స్ ఇవ్వక ముందే, తెలిసిన మెకానిక్‌తో ఒక స్కాన్ చేయించండి. అమ్మేవాళ్ళు స్కాన్ వద్దంటే ఆ మాటలోనే సగం జవాబు ఉంది.

- కిలోమేటర్‌ష్టాంట్: ఓడోమీటర్ లెక్క. మీటర్ బోర్డులో నంబర్ వెనక్కి తిప్పినా, పాత తప్పుల పక్కన అవి వచ్చినప్పటి కిలోమీటర్లు నమోదై ఉండొచ్చు. మీటర్‌లో 60,000 ఉండి, ఒక తప్పు 1,10,000 దగ్గర వచ్చినట్టు ఉంటే ఇంక బేరం అక్కర్లేదు.
- క్రాష్‌డాటెన్: ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో నమోదైన ప్రమాదం వివరాలు. ఇక్కడ చదవడం మాత్రమే, మార్చడం కాదు.
- ష్పోరాడిష్: అప్పుడప్పుడు వచ్చే తప్పు. ష్టాటిష్: ఎప్పుడూ ఉన్న తప్పు.
- ఉంటర్‌బ్రెహుంగ్: వైరు తెగింది. కుర్ట్స్‌ష్లుస్ నాఖ్ మాసె: ఎర్త్‌కు షార్ట్ అయింది.
- కైనె కొమునికాత్సియోన్: ఆ యూనిట్ అసలు మాట్లాడటం లేదు. వాననీళ్ళు చేరిన బండ్లలో దీనిమీద కన్నేయండి.
- ఆన్‌త్సాల్ ష్ల్యుసెల్: బండికి నేర్పించిన తాళంచెవుల సంఖ్య. మూడు అని ఉండి మీకు ఒక్కటే ఇస్తుంటే, మిగతా రెండు ఎక్కడున్నాయో అడగండి.

తప్పుల మెమరీ పూర్తి ఖాళీగా ఉన్నా సంతోషపడొద్దు. అమ్మే రోజు పొద్దున్నే తుడిచి ఉండొచ్చు. పది, పదిహేను కిలోమీటర్లు నడిపి మళ్ళీ స్కాన్ చేయండి. మైలేజ్ డిస్‌ప్లే మాట కూడా అంతే. కొన్ని మోడళ్ళలో ఆ అంకెను 85 నుంచి 115 శాతం వరకు సర్దుకునే సెట్టింగ్ ఉంది. అసలు లెక్క కావాలంటే ట్యాంక్ నింపి, నడిపి, మళ్ళీ నింపి చూడటమే.

అమ్మే వైపు ఉన్నవాళ్ళకూ ఒక మాట. తూకం, కొలతల్లో మోసం చేసేవాళ్ళ గురించి ఖుర్ఆన్‌లో ఒక సూరానే ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. ఓడోమీటర్ కూడా కొలతే. దాన్ని తగ్గించి అమ్మడం చట్టం దృష్టిలో మోసం, దీన్ దృష్టిలోనూ అంతే. ఆ సంపాదన హలాల్ కాదు. లోపం ఉంటే చెప్పి అమ్మితే రేటు కొంచెం తగ్గుతుంది, బరకత్ తగ్గదు.

బెంగళూరు బండి తెచ్చుకునేవాళ్ళు కాగితాలు మరిచిపోవద్దు. కేఏ నంబర్ బండిని 12 నెలలకు మించి మన రాష్ట్రంలో ఉంచుకుంటే సెక్షన్ 47 ప్రకారం ఇక్కడి నంబర్ తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు ముందే లెక్క వేసుకుని, స్కాన్ రిపోర్టు చేతిలో పెట్టుకుని, అప్పుడు బేరానికి కూర్చోండి.